ఈదులమెరక పేరు పిలిచిన రోజు

మా ఇంటిపేరు ఈదులమెరక. ఆ పేరుగల ఊరు ఇప్పుడు లేదు. ఈ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కాని దాన్ని పదిమందిలో ఎత్తిచూపి నవ్వే అధికారం ఏలూరు ప్లీడరుగారికి ఎవరిచ్చారో మాత్రం ఇంతవరకూ తెలియలేదు.

మాఘమాసంలో మా తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. మొదటి పంక్తిలో కూర్చున్నవాణ్ణి, ఏలూరునుంచి పెద్దమనుషులు వచ్చారంటూ లేపి రెండో పంక్తికి పంపారు. అది వేరే సంగతి, దాన్నీ మరిచిపోలేదు. భోజనాలయ్యాక తాంబూలాల దగ్గర ఆ ప్లీడరుగారు నా ఇంటిపేరు అడిగారు. చెప్పాను.

"ఈదులమెరకా? దాన్ని కొల్లేటి కొరమేనులు ఎప్పుడో తినేశాయి కదండీ. అయితే మీరు ఊరు లేనివారన్నమాట" అన్నారాయన.

అందరూ నవ్వారు. పెళ్ళికూతురి తండ్రి, నాకు వరసకు బావ, ఆయన కూడా నవ్వాడు. నేను తాంబూలం పుచ్చుకోకుండా వచ్చేశాను. ఆ ఊరు ఎక్కడ ఉండేదో, ఎందుకు పోయిందో, దానిలో ఏం మిగిలిందో నా కళ్ళతో చూసి వచ్చేదాకా ఆ ఇంటి గడప తొక్కనని ఆ రోజే అనుకున్నాను. ఎవరో నవ్వారని నడివేసవిలో కొల్లేటికి పోతారా అని మా ఆవిడ అడిగింది. ఎవరో నవ్వితే పోను. బావ నవ్వాడు.

చూసి వచ్చాను. వెళ్ళనివారి కోసం ఇది వ్రాస్తున్నాను. ముఖ్యంగా నవ్వినవారి కోసం.

రైలులో

వైశాఖంలో కొల్లేరు బాగా తగ్గి మెరకలు బయటపడతాయని విని, అంతవరకూ ఓపిక పట్టాను. బయలుదేరిన రోజున బండి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఎందుకింత ఆలస్యమని అడిగితే స్టేషన్ మాస్టరు తల ఎత్తకుండానే "వస్తుందండీ" అన్నాడు. రాదని నేననలేదు.

పెట్టెలో ఒకాయన తన పిల్లకు ఎండ కొడుతోందని నా గొడుగు అడిగి తీసుకుని కిటికీకి అడ్డం పెట్టుకున్నాడు. పూళ్ళ స్టేషనులో పిల్లతోనూ గొడుగుతోనూ కలిసి దిగిపోయాడు. బండి కదిలాక నేను కేక వేస్తే, ఆ గొడుగే పైకెత్తి మర్యాదగా నమస్కారం చేశాడు. పూళ్ళ వైపు నల్లగొడుగు, వెదురు పిడికి ఎర్రదారం చుట్టింది ఎవరైనా చూస్తే అది నాది.

నా ఎదురుగా కూర్చున్న అబ్రహాం మాస్టారు ఇదంతా చూసి నవ్వలేదు. ఏలూరులో మిషను బడిలో పాఠాలు చెబుతారట. ఎక్కడికని అడిగారు. ఇంతకుముందు అనుభవం వల్ల చెప్పడానికి వెనకాడాను. చివరకు చెప్పాను. ఆయన తమ బడి దొరగారి దేశంలోనూ అలాంటి ఊళ్ళున్నాయని చెప్పారు. దొరగారి సొంత ఊరి పక్కన ఒక పచ్చికబయలుందట. దాని నిండా గడ్డి కప్పిన గట్లు, గుంటలు. ఆ గుంటలు ఒకప్పటి వీధులు, ఆ గట్లు ఇళ్ళ గోడలు. ఊరంతా పోయి గుడి ఒక్కటే బయలులో ఒంటరిగా నిలిచిందట. మనుషులకంటే గొర్రెలు లాభమని భూస్వాములు కొన్ని ఊళ్ళను వెళ్ళగొట్టారని, కొన్ని తెగులు వచ్చి పోయాయని దొరగారు చెప్పేవారట.

ఆ ఊళ్ళవాళ్ళు నయం అనిపించింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో వాళ్ళకు తెలుసు. నాకు అదీ తెలియదు.

"మిట్టమధ్యాహ్నం వెళితే మీకేమీ కనబడదండీ, మట్టి తప్ప. పొద్దు వాలుగా ఉన్నప్పుడు చూడండి. నీడలు పడితే వీధులు లేచి కూర్చుంటాయని మా దొరగారంటారు" అన్నారు మాస్టారు.

ఏలూరు

స్టేషను దగ్గర కాఫీ హోటలుకు ఆయన్ను రమ్మన్నాను. తనకు ఆకలి లేదని, నన్ను కానివ్వమని బయటే నిలబడ్డారు. లోపలికి వెళ్ళాక నాకు తెలిసింది. గోడవారన ఒక మూల వేరే గ్లాసులు బోర్లించి ఉన్నాయి. అవి ఎవరికని అడిగితే సర్వరు, "తెలియదేంటండీ మీకు" అన్నాడు. ఇడ్డెన్లు అర్ధణాకు రెండు. మా గూడెంలో ఇంతకంటే పెద్దవి ఇస్తారు, చట్నీ రెండోసారి అడిగితే మొహం అటు తిప్పుకోరు. సగం తిని లేచి వచ్చేశాను.

నన్ను రెండో పంక్తికి పంపినందుకే ఇన్ని నెలలు మండిపోతున్నాను. ఆయన్ను గుమ్మం దగ్గరే ఆపేస్తే ఆకలి లేదంటున్నారు. అది సహనమో అలవాటో నేను అడగలేదు. వాళ్ళింటికి వెళ్ళి గోంగూరలో ఎండు రొయ్యలు వేసిన కూర, గంజి వార్చిన వేడన్నం తిన్నాను. ఉప్పు కాస్త ఎక్కువైంది, ఆ మాట వారి ఆవిడతోనూ అన్నాను. ఇది చదివి మా వాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలుసు. అనుకోనివ్వండి.

దోనె మీద

మర్నాడు ఒంటెద్దు బండిలో కొల్లేటి గట్టుకు చేరేసరికి నడుము విరిగింది. అక్కడినుంచి తాటిదోనె. తాటిమాను నిలువునా చీల్చి తొలిచి, అలాంటివి రెండు జత కట్టి, మధ్య పలక వేస్తారు. పలక మీద కూర్చోబోతే దోనెవాడు రామస్వామి, అది వలలకండీ అంటూ నన్ను కొన వైపు కూర్చోమన్నాడు. తడి వలలకు నాకంటే మంచి చోటు దొరికింది.

నీళ్ళు మోకాలి లోతు. రెండు వైపులా కిక్కిస గడ్డి మనిషి ఎత్తు పెరిగి, గాలి తగలకుండా ఉడకబెడుతుంది. గూడబాతులు మనల్ని చూసి కూడా లేవవు. దారి మనమే తప్పుకోవాలి. ఒకచోట దోనె బురదలో కూరుకుపోయింది. దిగి తోయమన్నాడు. దిగాను. తోసి ఎక్కాక చూస్తే పిక్కకు జలగ. అప్పటికి నా ఇంటిపేరు విన్నాడు కాబట్టి రామస్వామి దాన్ని సున్నం పెట్టి ఊడదీస్తూ, "జలగకి ఊరున్నోళ్ళూ ఊరు లేనోళ్ళూ తేడా లేదండీ" అన్నాడు. ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాను.

అయితే వాడు వండిన ఇంగిలాయి చేపల పులుసు గురించి అన్యాయంగా వ్రాయలేను. దోనెలోనే కుంపటి. మనం చింతపండు వేసేచోట వాళ్ళు పచ్చిమామిడికాయ ముక్కలు వేస్తారు, చేప ఉడుకుతుండగానే గిన్నె పట్టుకుని ఊపుతారు తప్ప గరిటె పెట్టరు. రెండుసార్లు పెట్టించుకున్నాను.

పొద్దు వాలుతుండగా ఎదురుగా పెద్ద పడవలు వరసగా వచ్చాయి. వాటినిండా నల్లమట్టి. అది పాటిమట్టి. పూర్వం జనం కాపురం ఉండి వదిలేసిన దిబ్బల మట్టి బూడిదతో, పేడతో, ఎముకలతో పండి ఉంటుంది. ఎరువుగా వేస్తే పొలం మూడేళ్ళు గుర్తుపెట్టుకుంటుందంటారు. ఇప్పుడు ధాన్యం ధర పడిపోయి, రైతులు సీమ ఎరువు కొనలేక దీనికోసం ఎగబడుతున్నారు. మా పెంటపాడు వైపుకే పోతోందట ఆ మట్టి. ఆ పడవలు వచ్చిన చోట ఒక దిబ్బ సగానికి కోసి ఉంది. కోసిన వైపు పొరలు పొరలుగా బూడిద, పెంకులు, కుండల మూతులు. ఎవరో బతికిన చోటు కోసిన పనసకాయలా తెరిచి ఉంది.

అది ఏ ఊరని అడిగాను.

"పేరుండేదండీ. పలకడం మానేసింది" అన్నాడు రామస్వామి.

ఆ మాటకు అర్థం అప్పుడు తెలియలేదు.

మెరక

ఆ రాత్రి కొంగలతిప్ప అనే లంకలో చేపలవాళ్ళ పంచలో పడుకుని, తెల్లవారకముందే లేచి ఈదులమెరక చేరాను. కొంగలతిప్పనుంచి బురదలో నడిచి వెళ్ళేటంత దగ్గర.

ఒట్టి దిబ్బ. నాలుగు ఈతచెట్లు. అబద్ధమెందుకు, మొదట చూడగానే ప్లీడరుగారి నవ్వు చెవుల్లో మోగింది. ఇంతలో పొద్దు పొడిచింది. వాలు వెలుగు పడగానే దిబ్బ మీద నీడలు లేచాయి. నా కాళ్ళముందు సన్నటి పల్లం తిన్నగా సాగి, అటువైపు రెండుగా చీలింది. అది వీధి. దానికి అటూ ఇటూ చదరపు గట్లు, గట్టు గట్టుకూ మధ్య సందు. వీధి మొదట్లో వరలు దించిన నుయ్యి, కాల్చిన మట్టి వరలు ఒకదానిమీద ఒకటి, లోపల మట్టి నిండి పైవర అంచు మాత్రం కనబడుతోంది. ఒక గుమ్మం దగ్గర తలుపు తిరిగే గుంట ఉన్న రాయి. నా అరచేతికి రెండింతలుండే ఇటుకలు. శంఖపు గాజు ముక్క ఒకటి దొరికింది, చాలా చిన్నది, పిల్లదానిది. ఆ వీధిలో అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడిచాను. ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకునేవారు.

ఒక సంగతి మాత్రం అర్థం కాలేదు. వాన కోసుకుపోయిన చోటల్లా రోళ్ళు బయటపడి ఉన్నాయి. ఇంటికొక రోలు. అన్నీ బోర్లించి ఉన్నాయి. వరద వచ్చి దొర్లిస్తే ఒకటి అలా పడుతుంది, రెండు పడతాయి. అన్నీ ఒకేలా పడవు.

"తిరిగొచ్చేవాళ్ళు అలాగే చేస్తారండీ" అని వెనకనుంచి మాట వినబడింది.

ముసలామె. పేరు వెంకమ్మ. కొంగలతిప్పనుంచి నా అడుగుల వెంటే బురదలో వచ్చిందట. నేనెవరో రామస్వామి చెప్పేశాడు. ఇల్లు వదిలి కొన్నాళ్ళు పోయేవాళ్ళు రోట్లో చెత్తా నీరూ చేరకుండా బోర్లించి పోతారని, మరి రానివాళ్ళు రోలు ఊసే ఎత్తరని చెప్పింది.

"మీ వాళ్ళు వరదకి పోలేదండీ. అలిగి పోయేరు" అంది.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కొంగలతిప్పలో ముత్యాలమ్మ జాతర. అమ్మవారి ముందు అన్నం రాశిగా పోసి, కుంభమంటారు, దానిలోంచి ఊరికొక వాటా పెడతారు. ఆసాది, అంటే అమ్మవారి పాటలు పాడేవాడు, ఒక్కొక్క ఊరి పేరూ పిలుస్తాడు. ఆ ఊరివాడు "ఉన్నామమ్మా" అని పలికి వాటా తీసుకోవాలి. మొదటి పిలుపు ఈదులమెరకదే. ఒక ఏడు మా వాళ్ళు రావడం ఆలస్యమైతే కొంగలతిప్పను ముందు పిలిచేశారు. అంతే. మా వాళ్ళు తలుపులు ఊడదీసుకుని, రోళ్ళు బోర్లించి, మళ్ళీ మొదట పిలిచేదాకా రామని గట్టుకు వెళ్ళిపోయారు. వీళ్ళు బతిమాలి తీసుకురాలేదు. వాళ్ళు దిగి రాలేదు. ముత్తాతల నాటి మాట.

"మరి మా ఊరి వాటా ఎవరు తింటున్నారు?" అని అడిగాను. గొంతు పెరిగిందని నాకు తెలుసు.

"మేవేనండీ. పోతూ పోతూ మా ఇంటోళ్ళకి అప్పజెప్పేరంట, మేం వచ్చేదాకా మీరు పలకండని. అప్పణ్ణించీ మా మావగారోళ్ళు, మా ఆయన. మీరు రాలేదు మరి."

ఇన్నాళ్ళూ మా వాటా ఎవరో కాజేశారని దెబ్బలాడబోయి, ఆ మాటకు నోరు మూసుకున్నాను. కోపం పోలేదు. అటు తిరిగింది, అంతే. గూడెంలో మెత్తటి పరుపుల మీద పడుకుని పోయిన మా తాతల మీదకు తిరిగింది. అలిగినందుకు కాదు, నేనైనా అలిగేవాణ్ణే. అలిగిన సంగతి పిల్లలకు చెప్పకుండా పోయినందుకు.

అసలు సంగతి అప్పుడు చెప్పింది వెంకమ్మ. పలికే ఊరి దిబ్బ మీద ఎవరూ పార వెయ్యరు. అది ఇక్కడి కట్టుబాటు. ఆమె భర్త పోయిన వానల్లో చనిపోయాడు. బిడ్డల్లేరు. ఆడదాని నోట పలుకు చెల్లదన్నారు పెద్దలు. జాతర ఆ సాయంత్రమే. ఈదులమెరక పలకకపోతే మర్నాటి పొద్దున్నే మట్టి పడవలు ఇక్కడికే వస్తాయి.

కొంగలతిప్ప

ఊరి పెద్ద సుబ్బయ్య వలలు ఆరేసే చోట కూర్చుని ఉన్నాడు. పక్కనే మట్టి కంట్రాక్టరు. నేను ఈదులమెరకవాణ్ణని, పిలుపుకు నేను పలుకుతానని చెప్పాను. కంట్రాక్టరు నన్ను నెత్తినుంచి కాళ్ళదాకా చూశాడు. నేను బురదలో ఉన్నాను, నిజమే.

ఆ దిబ్బలో పెంకులు తప్ప ఏముందని, చచ్చిన ఊరు పొలానికి వేస్తే బతికున్న నలుగురు తింటారని అతడన్నాడు. ఆ మాటలో న్యాయం లేదని నేననను. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

సుబ్బయ్య చెడ్డవాడు కాడు. అమ్మవారి పాక రెండుసార్లు కాలిపోయిందట. దిబ్బ ఇస్తే పెంకుల కప్పు వేయిస్తానని కంట్రాక్టరు మాట ఇచ్చాడు. కప్పు సంగతి తాలూకా బోర్డుకు అర్జీ పెడతానన్నాను. అర్జీల కింద అమ్మవారు తడవకుండా ఉంటుందా అండీ అని సుబ్బయ్య అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఊరికి తిరిగొచ్చాక అర్జీ మాత్రం పెట్టాను.

నేను ఆ ఊరివాణ్ణేనని నమ్మకమేమిటని సుబ్బయ్య అడిగాడు. ఇంటిపేరు చెప్పాను. ఇంటిపేర్లు ఎవరైనా చెబుతారన్నాడు. అప్పుడు వెంకమ్మ మధ్యలోకి వచ్చింది.

"ఈయన మొదట అడిగిందేంటో తెలుసా బావా? మా వాటా ఎవరు తింటున్నారని. ఇంకెవరడుగుతారు, ఆ ఊరోళ్ళు కాక?" అంది.

సుబ్బయ్య నావైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు.

"పలకండి. పలికినోళ్ళు వాటా తినాలండీ. తిన్నోళ్ళు యేటేటా రావాలి. మీ వాళ్ళు పోయేక ఈదులమెరకని ఆఖర్న పిలుస్తున్నాం. ఆఖరి పిలుపు, ఆఖరి వాటా. రెండోది తినలేకే పోయేరు మీ వాళ్ళు. మీరు ఆఖరిది తినగలరా అండీ?"

మొదట పిలవాలని అడిగాను. కుదరదన్నాడు. కనీసం మధ్యలో. కుదరదన్నాడు. అలిగినవాళ్ళకు మనసు మారడానికి వ్యవధి ఇవ్వాలనే ఆఖర్న పిలుస్తారని వెంకమ్మ నచ్చజెప్పబోయింది. ఆ వివరణ నాకు నచ్చలేదు.

పిలుపు

డప్పులు మోగాయి. లంకల ఆడవాళ్ళు తలల మీద కుండలతో వచ్చారు. మా వైపు జాతరల్లో అన్నం విస్తళ్ళలో పెడతారు, ఇక్కడ తామరాకుల్లో. పాక ముందు అన్నం రాశి నడుమెత్తు పోశారు, మీద పులుసు చేపలు పేర్చారు. ఆవిరి లేస్తోంది. నన్ను అందరి వెనక, వట్టి నేలమీద కూర్చోబెట్టారు. వీపుకు వలలు ఆరేసే గుంజ గుచ్చుకుంటోంది.

ఆసాది ముసలివాడు. గొంతు మాత్రం నీటిమీద చాలా దూరం పోయేది. కొంగలతిప్పను పిలిచాడు. సుబ్బయ్య "ఉన్నామమ్మా" అన్నాడు. ఇంకో లంకను పిలిచాడు, ఇంకో లంకను. ఒక్కొక్క ఊరూ పలికి, పెద్ద చేపముక్కలున్న ఆకు తీసుకుని పక్కకు వెళుతోంది. మధ్యలో ఒక పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఆసాది డప్పు ఆపి, కొంచెం ఆగి, అన్నం ఒక ముద్ద నీళ్ళలోకి విసిరాడు. దారిలో చూసిన దిబ్బ అదేనని రామస్వామి నా చెవిలో చెప్పాడు.

రాశి తరిగిపోయింది. ఆవిరి లేదు. ఒక ఊరి తరవాత ఒక ఊరు తింటుంటే చూస్తూ కూర్చున్నాను. లేచిపోదామని మూడుసార్లు అనుకున్నాను. మా వాళ్ళ కాళ్ళే కదా నావి. అటువైపు కంట్రాక్టరు నావంకే చూస్తున్నాడు. నేను లేస్తానని అతనికీ తెలుసు. వెంకమ్మ ఆడవాళ్ళ గుంపులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఈదులమెరకా" అని పిలిచాడు ఆసాది.

నా ఊరి పేరు అలా ఎవరైనా పిలవగా నేను వినలేదు. ఇంటిపేరుగా విన్నాను, ఎగతాళిగా విన్నాను. ఊరిగా వినలేదు. రెండోసారి పిలిచాడు. జనం వెనక్కి తిరిగి చూశారు. ఆసాది ముద్ద చేతిలోకి తీసుకున్నాడు.

"ఉన్నామమ్మా" అన్నాను.

గట్టిగానే అన్నానట. గూడబాతులు లేచాయని రామస్వామి తరవాత చెప్పాడు. వాడి మాట నమ్మనక్కర్లేదు.

నా ముందు తామరాకు పెట్టారు. అడుగు అన్నం, చల్లారి ముద్దకట్టింది, ఒక మూల మాడింది. చేప లేదు, ముళ్ళున్నాయి. అంతా చూస్తుండగా తిన్నాను. ఒక్క మెతుకు వదల్లేదు. కంట్రాక్టరు పైపంచె దులుపుకుని తన పడవల వైపు వెళ్ళాడు. సుబ్బయ్య వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఎలా ఉందండీ?" అన్నాడు.

"చల్లారిపోయింది. మాడింది. ఉప్పు లేదు. వచ్చే ఏడు మొదటి వాటా మాకు పెట్టాలి."

"మీ వాళ్ళూ అదే అడిగేరండీ."

"వాళ్ళు అడిగి లేచిపోయారు. నేను కూర్చుని అడుగుతున్నాను" అన్నాను.

వెంకమ్మ తన ఆకులోంచి ఒక చేపముక్క తీసి నా ఆకులో వేసి, ముల్లుంది చూసి తినమంది.